పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్: కొనే ముందు, కొన్నాక తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మకో, నాన్నగారికో, అత్తగారికో, తాతయ్యకో ఫోన్ కొనేవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. అవి ఏ దశలో వస్తాయో ఆ వరసలో ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మెనూ పేర్లు కంపెనీని బట్టి కాస్త మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే భూతద్దం గుర్తు నొక్కి ఆ మాటతో వెతకండి.

## కొనే ముందు

మా నాన్నగారు బటన్ ఫోన్‌తో హాయిగానే ఉన్నారు. మార్చాలా?

ఆయన అడగనిదే మార్చకండి. కాల్స్ ఒక్కటే అవసరమైతే బటన్ ఫోనే మేలు: ఛార్జింగ్ రోజుల తరబడి ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది, చూడకుండానే నొక్కొచ్చు. మనవళ్లతో వీడియో కాల్, ఇంటి నుంచే పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్, యూపీఐ లాంటి పనులు ఆయనకే కావాలనిపించినప్పుడు స్మార్ట్‌ఫోన్ ఇవ్వండి. ఇచ్చిన రోజే పాత ఫోన్ లాగేసుకోవద్దు. రెండు నెలలు రెండూ ఉండనివ్వండి. అసలు నెంబరు సిమ్ బటన్ ఫోన్‌లో ఉంచి, కొత్త ఫోన్‌ను వైఫైతో వాడిస్తే కాల్స్ తప్పిపోతాయన్న భయం ఉండదు.

ఏ కంపెనీ ఫోన్ మంచిది?

వాళ్లకు రోజూ సాయం చేసేది ఎవరో ముందు తేల్చుకోండి. ఆ మనిషి చేతిలో ఏ కంపెనీ ఫోన్ ఉందో అదే కొనండి. అక్క కూతురు సామ్‌సంగ్ వాడుతుంటే అమ్మమ్మకూ సామ్‌సంగే. ‘కింద ఎడమ పక్క మూడు గీతలు ఉన్నాయి చూడు’ అని ఫోన్‌లో చెప్పాలంటే ఇద్దరి తెరలూ ఒకేలా ఉండాలి. కెమెరా మెగాపిక్సెళ్ల కంటే, ప్రాసెసర్ పేరు కంటే ఇది చాలా ఎక్కువ పనికొస్తుంది. రెండోది, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లుండే ఊళ్లో గానీ, బస్సులో వెళ్లి అదే రోజు తిరిగొచ్చేంత దూరంలో గానీ ఉండాలి.

పదివేల లోపు ఫోన్ సరిపోదా? కాల్స్, వాట్సాప్ తప్ప ఏమీ వాడరు కదా.

మొదటి ఆరు నెలలు సరిపోతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. మన వయసువాళ్లం ఫోన్ ఆగితే కాసేపు ఓపిక పడతాం. పెద్దవాళ్లు తాము సరిగా నొక్కలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఆ నొక్కులన్నీ ఒక్కసారిగా పనిచేసి ఇంకేదో తెరుచుకుంటుంది. ‘నాకు ఇది రాదు’ అని ఫోన్ పక్కన పెట్టేయడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. అందుకే కనీసం 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ చూసుకోండి. సెక్యూరిటీ అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. పెద్దవాళ్లు ఒకే ఫోన్‌ను ఐదారేళ్లు వాడతారు కాబట్టి కనీసం నాలుగేళ్లు మాట ఇచ్చిన మోడల్ తీసుకోవాలి. సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్స్ ప్రకటించారు, అంటే మధ్యతరగతి ధరలోనూ ఇలాంటివి దొరుకుతాయి.

స్క్రీన్ ఎంత పెద్దదైతే అంత మంచిదా?

అక్షరాలకు మంచిదే, మణికట్టుకు కాదు. 6.5 నుంచి 6.7 అంగుళాల తెర చాలు. బరువు 200 గ్రాములు దాటితే కీళ్లనొప్పులున్నవాళ్లు ఎక్కువసేపు పట్టుకోలేరు. అంచులు వంపు తిరిగిన తెర వద్దే వద్దు. పట్టుకున్న అరచెయ్యే అంచుకు తగిలి ఏదో ఒకటి నొక్కేస్తుంది.

5జీ ఉండాలా?

దానికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు, అయితే ఇప్పుడొచ్చే మధ్యరకం ఫోన్లలో ఎలాగూ ఉంటుంది. వాళ్ల గదిలో సిగ్నల్ ఎలా ఉందో చూడటం దానికన్నా ముఖ్యం. మంచం దగ్గర నిలబడి కాల్ చేసి చూడండి. గోడల మధ్య సిగ్నల్ అందకపోతే, ఇంట్లో వైఫై ఉంటే, ఫోన్‌లో వైఫై కాలింగ్ సదుపాయం ఉందో లేదో చూసి ఆన్ చేయండి. 5జీ సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట బ్యాటరీ ఊరికే అయిపోతుంది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 4జీకి మార్చేయండి.

నా పాత ఫోన్ ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు, మూడు షరతులతో. ఒకటి, దానికి సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇంకా వస్తూ ఉండాలి. రెండు, బ్యాటరీ సాయంత్రం దాకా నిలవకపోతే కొత్తది వేయించాకే ఇవ్వాలి. మూడు, మీ గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ మీ పాస్‌వర్డే అడుగుతుంది.

అమెరికా నుంచి అమ్మకు ఐఫోన్ పంపుదామనుకుంటున్నాం. పనిచేస్తుందా?

అక్కడ అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ పెట్టే ట్రే ఉండదు. ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని ఈ-సిమ్ ఒక్కటే. అంటే ఇక్కడ అమ్మ నెంబరును ఈ-సిమ్‌గా మార్పించాలి. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ సదుపాయం ఇస్తాయి. కానీ ఫోన్ పాడైన రోజున సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకునే వీలుండదు, పక్కింటి అబ్బాయి సాయంతో చక్కబడే పని కాదది. నెలవారీ వాయిదాల్లో కొన్నదైతే అక్కడి నెట్‌వర్క్‌కే లాక్ అయి ఉండొచ్చు, అన్‌లాక్ చేయించాకే పంపండి. అమ్మ చుట్టూ ఐఫోన్ వాడేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ డబ్బు ఇక్కడ మంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కు, సంవత్సరం రీఛార్జికి పెట్టమనే మా సలహా.

వినికిడి మిషన్ వాడతారు. ఏదైనా ప్రత్యేకంగా చూడాలా?

బ్లూటూత్ ఉన్న వినికిడి మిషన్లన్నీ అన్ని ఫోన్లతో కలవవు. ఐఫోన్ కోసం చేసినవి వేరు, ఆండ్రాయిడ్‌కు కాల్ శబ్దం నేరుగా పంపే పద్ధతి వేరు. రెండోది ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చింది, అయినా ప్రతి మోడల్‌లో ఉండదు. మిషన్ మోడల్ పేరు రాసుకుని, అమర్చిన ఆడియాలజిస్ట్‌ను ఏయే ఫోన్లతో కలుస్తుందో అడిగి, ఆ జాబితాలోంచే కొనండి. ఒక చెవి బాగా వినబడి రెండోది వినబడకపోతే యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయాలి. లేకపోతే ఇయర్‌ఫోన్స్‌లో సగం శబ్దం వినబడని చెవికి పోతుంది.

గుండెకు పేస్‌మేకర్ ఉంది. ఫోన్ వాడొచ్చా?

వాడొచ్చు. పేస్‌మేకర్‌కు, ఫోన్‌కు మధ్య కనీసం 15 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఆరు అంగుళాల దూరం ఉండాలి. మన మగవాళ్లకు ఫోన్ చొక్కా జేబులో పెట్టుకునే అలవాటు. పేస్‌మేకర్ ఉండేదీ సాధారణంగా ఆ ఎడమ పక్కనే. కాబట్టి ప్యాంటు జేబు, లేదా నడుము దగ్గర ఉండే సంచి వాడాలి. మాట్లాడేటప్పుడు అటుపక్క చెవికి కాకుండా రెండో చెవికి పెట్టుకోవాలి. అయస్కాంతంతో అతుక్కునే కవర్లు, ఛార్జర్లు, మెడలో వేలాడదీసే తాళ్లు వద్దు. మిగతా జాగ్రత్తలు వాళ్ల కార్డియాలజిస్ట్‌ను అడగండి.

## షాపులో

షాపుకు వెళ్లాక ఏం పరీక్షించాలి?

వీలైతే వాళ్లనే తీసుకెళ్లండి. ఫోన్ వాళ్ల చేతికిచ్చి మీరు పక్కన నిలబడండి. వాళ్లు వాడే కళ్లద్దాలతోనే అక్షరాలు చదవమనండి. డెమో ఫోన్‌లో సిమ్ వేయించి, షాపు బయట రోడ్డు మీద నిలబడి, స్పీకర్ వేయకుండా చెవి దగ్గర పెట్టుకుని ఒక కాల్ మాట్లాడమనండి. చెవి దగ్గరి శబ్దం మోడల్‌కూ మోడల్‌కూ చాలా తేడా ఉంటుంది, ఏ ప్రకటనలోనూ దాని సంగతి ఉండదు. ఎండలో తెర కనిపిస్తోందా? పవర్ బటన్, వాల్యూమ్ బటన్ తడిమితే తేడా తెలుస్తోందా? ఛార్జర్ పిన్ను వాళ్లే పెట్టగలుగుతున్నారా? రేడియో వినే అలవాటుంటే ఇయర్‌ఫోన్ గుండ్రటి రంధ్రం ఉన్న మోడల్ చూడండి. ఫోన్‌లోని ఎఫ్ఎం రేడియోకు ఆ తీగే యాంటెన్నా.

స్క్రీన్‌గార్డ్, కవర్ ఎలాంటివి?

మెరిసే నల్లటి ప్లాస్టిక్ వద్దు, జారుతుంది. గరుకుగా ఉండే రబ్బరు కవర్, అదీ ముదురు ఎరుపో పసుపో అయితే దుప్పట్లో పడినా కనిపిస్తుంది. పుస్తకంలా మూసే కవర్ పెడితే కాల్ వచ్చినప్పుడు మూత తీయడం ఒక అదనపు పని. మందపాటి గ్లాస్ వేస్తే తాకిడి సరిగా అందదు. వేసుకున్నాక ‘టచ్ సెన్సిటివిటీ’ సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి.

## మొదటి రోజు సెట్టింగ్స్

ఫోన్ వాళ్ల చేతికి ఇచ్చే ముందు ఏమేం మార్చాలి?

డిస్‌ప్లేలో ఫాంట్ సైజ్ పెంచండి, కానీ చివరిదాకా కాదు. చివరిదాకా పెంచితే కొన్ని యాప్‌లలో ‘పంపు’ బటనే తెర బయటికి పోతుంది. సామ్‌సంగ్‌లో ఈజీ మోడ్ ఉంది: గుర్తులు పెద్దవవుతాయి, కీబోర్డు అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఐఫోన్‌లో తెరను ఇలా తేలిక చేసే అసిస్టివ్ యాక్సెస్ ఐఓఎస్ 17 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో వేలితో తోసే పద్ధతి తీసేసి, కింద మూడు బటన్లు ఉండే నావిగేషన్ పెట్టండి. ‘ఎక్కడికి పోయినా మధ్య గుండ్రం నొక్కితే ఇంటికొచ్చేస్తారు’ అని చెప్పొచ్చు. హోమ్ స్క్రీన్ మీద ఆరు గుర్తులకు మించి ఉంచకండి. నలుగురు ముఖ్యమైనవాళ్ల ఫొటోలతో నేరుగా కాల్ వెళ్లే గుర్తులు పెట్టండి. అన్నీ సర్దాక హోమ్ స్క్రీన్ లేఅవుట్‌ను లాక్ చేయండి, గుర్తులు చెరిగిపోవు. తెర 30 సెకన్లకు ఆరిపోయేలా ఉంటుంది, దాన్ని 2 నిమిషాలు చేయండి.

అమ్మ నొక్కితే ఏమీ తెరుచుకోవడం లేదు, ఏదో మెనూ వస్తోంది. ఫోన్ పాడైందా?

పాడవలేదు. ఆమె బటన్ ఫోన్‌లాగా గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతున్నారు. అర సెకను దాటితే ఫోన్ దాన్ని ‘నొక్కి పట్టుకోవడం’ అనుకుంటుంది. యాక్సెసిబిలిటీలో ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ను ‘లాంగ్’ చేయండి. చేతులు వణికేవాళ్లకు, వెంటవెంటనే పడే తాకిళ్లను పట్టించుకోని సెట్టింగ్ కొన్ని ఫోన్లలో అక్కడే ఉంటుంది. చర్మం పొడిబారితే కూడా తెరకు తాకిడి అందదు. వేళ్లకు కాస్త మాయిశ్చరైజర్ రాసి తుడిచాక చూడండి, చాలామందికి తేడా తెలుస్తుంది.

వేలిముద్ర అస్సలు తీసుకోవడం లేదు.

వయసుతో వేలి గీతలు అరిగిపోతాయి. పొలం పని, సున్నం, గిన్నెలు తోమడం చేసిన చేతులకు మరీ. ఆధార్ కేంద్రంలో ఎదురయ్యే ఇబ్బందే ఇదీ. ఒకే వేలిని రెండుసార్లు నమోదు చేయండి, ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కగా. అప్పటికీ కాకపోతే నాలుగంకెల పిన్ పెట్టండి. అది పుట్టిన సంవత్సరం కాకూడదు, యూపీఐ పిన్ అసలే కాకూడదు.

గూగుల్ అకౌంట్ నాదే పెట్టేస్తే సులువు కదా?

సులువుగా మొదలై పెద్ద చిక్కులో పడేస్తుంది. మీ ఆఫీసువాళ్ల నెంబర్లన్నీ నాన్నగారి ఫోన్‌లోకి వచ్చేస్తాయి, ఆయన ఒక పేరు చెరిపితే మీ ఫోన్‌లోనూ చెరిగిపోతుంది. ఫొటోలూ కలిసిపోతాయి. వాళ్ల పేరుతోనే అకౌంట్ తెరవండి, రికవరీ ఫోన్‌గా మీ నెంబరు ఇవ్వండి. జీమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ ఒక డైరీలో రాసి బీరువాలో పెట్టండి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం ఆ డైరీలో రాయొద్దు.

ఫోన్ భాష తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్‌లో ఉంచాలా?

వాళ్లు పేపరు ఏ భాషలో చదువుతారో అది పెట్టండి. తెలుగే బాగా వచ్చిన మనిషికి ఇంగ్లిష్ మెనూ ఇచ్చి బొమ్మల గుర్తులతో నెట్టుకు రమ్మనడం అన్యాయం. సాయం చేసేవాళ్లకు సెట్టింగ్స్ తెలుగు పేర్లు కొత్తగా ఉంటాయి, రెండు రోజుల్లో అలవాటవుతాయి. టైపింగ్‌కు గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డ్‌లో తెలుగు చేర్చి, మైకు గుర్తు చూపించండి. మాట్లాడితే అక్షరాలు వస్తాయని తెలిశాక చాలామంది మెసేజ్‌లు పంపడం మొదలుపెడతారు. వేలితో తెర మీద రాసే తెలుగు చేతిరాత కీబోర్డు కూడా అందులో ఉంది.

ఫోన్ తెరవగానే వార్తలు, గేమ్స్ ప్రకటనలు వస్తున్నాయి. ఎలా ఆపాలి?

తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లాక్ స్క్రీన్ మీదే ప్రకటనలు, వార్తలు మారుతూ ఉంటాయి. పెద్దవాళ్ల ఫోన్‌లో మొట్టమొదట తీసేయాల్సింది ఇదే. వాళ్లు పొరపాటున తాకేది, తాకి ఎక్కడికో వెళ్లిపోయేది వీటినే. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ లేదా వాల్‌పేపర్ విభాగంలో ఆపండి. హోమ్ స్క్రీన్ మీద వాళ్లంతట వాళ్లే సిఫార్సు చేసే యాప్‌ల ఫోల్డర్ ఉంటే దాన్నీ ఆఫ్ చేయండి. క్రోమ్‌లో నోటిఫికేషన్ అనుమతులు తెరిచి, తెలియని సైట్లన్నీ బ్లాక్ చేయండి. ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అని వచ్చే మెసేజ్‌లు సాధారణంగా అక్కడి నుంచే వస్తాయి.

అత్యవసరంలో ఒక్క బటన్‌తో మాకు తెలిసేలా ఏదైనా ఉందా?

ఉంది. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ తెరిచి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేస్తే, పవర్ బటన్ ఐదుసార్లు నొక్కగానే 112కు కాల్ వెళుతుంది. మీ నెంబర్లు చేర్చి ఉంటే, సెట్ చేసినదాన్ని బట్టి లొకేషన్ కూడా పంపుతుంది. అక్కడే బ్లడ్ గ్రూప్, మందులు, అలర్జీలు రాసే చోటు ఉంటుంది. లాక్ తీయకుండానే డాక్టర్ చూడొచ్చు. అంబులెన్స్ 108ను మాత్రం విడిగా ‘108 అంబులెన్స్’ అనే పేరుతో కాంటాక్ట్స్‌లో ఉంచండి, కంగారులో అంకెలు గుర్తుకు రావు.

## రోజూ వాడకంలో

ఎన్నిసార్లు నేర్పినా మర్చిపోతున్నారు.

ఒక రోజు ఒకటే నేర్పండి. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు లాక్కుని ‘ఇదిగో ఇలా’ అని చకచకా చేసి చూపిస్తే ఏమీ మిగలదు. చేసిన పనిని వాళ్ల నోట్‌బుక్‌లో వాళ్ల మాటల్లో, వాళ్ల చేత్తోనే రాయించండి: ‘ఆకుపచ్చ బొమ్మ నొక్కాలి, చిన్నోడి ఫొటో నొక్కాలి, పైన కెమెరా నొక్కాలి.’ మొదటి వారం కాల్ ఎత్తడం, చేయడం చాలు. వీడియో కాల్ రెండో వారం. విసుక్కుంటే మాత్రం ఇక అడగడం మానేస్తారు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, రింగే రాలేదంటున్నారు.

వాల్యూమ్ బటన్ పొరపాటున నొక్కి సైలెంట్‌లో పడి ఉండొచ్చు, డోంట్ డిస్టర్బ్ ఆన్ అయి ఉండొచ్చు. ఆ డోంట్ డిస్టర్బ్ గుర్తును పైనుంచి లాగే ప్యానెల్‌లోంచే తీసేయండి. రింగ్‌టోన్ కూడా చూడాలి. వయసుతో సన్నటి కీచు శబ్దాలు ముందు వినబడకుండా పోతాయి, కాబట్టి బరువైన గంట శబ్దమో నాదస్వరం లాంటి పాటో పెట్టండి. రీఛార్జి గడువు చూడటం మరవొద్దు. గడువు దాటితే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, వాళ్లకు ఆ సంగతే తెలియదు. సంవత్సరం ప్యాక్ వేసి తేదీ మీ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

‘స్టోరేజ్ నిండిపోయింది’ అని వస్తోంది.

గుడ్ మార్నింగ్ బొమ్మలు, భక్తి వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి, మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద వీడియోలు, డాక్యుమెంట్లు ఆపండి. మేనేజ్ స్టోరేజ్‌లో 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. పక్కన కూర్చుని, వాళ్లను అడిగే చెరపండి. మనకు చెత్త అనిపించినది వాళ్లకు పోయిన స్నేహితుడు పంపిన చివరి మెసేజ్ కావచ్చు.

మేము దూరంగా ఉంటాం. వాళ్ల తెర చూసి సాయం చేయడం ఎలా?

వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. వాళ్లు తమ తెర పంచుకుంటే మీరు చూస్తూ చెప్పొచ్చు. ఒక నియమం ఇద్దరూ పెట్టుకోండి: మీరు కాల్ చేసినప్పుడే, మీ ముఖం చూశాకే షేర్ చేయాలి. షేర్‌లో ఉండగా బ్యాంకు యాప్ తెరవకూడదు. మోసగాళ్లు వాడేదీ ఇదే దారి. దుబాయ్‌లో, మిగతా యూఏఈలో ఉండేవాళ్లకు వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్‌కు అనుమతి లేదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇంటి దగ్గర ఫోన్‌లో కూడా వేయాలి.

## డబ్బు, పెన్షన్, మోసాలు

యూపీఐ పెట్టడం మంచిదేనా? భయంగా ఉంది.

వాళ్ల అసలు పొదుపు, పెన్షన్ ఖాతాకు నేరుగా కలపకండి. వేరే చిన్న ఖాతా తెరిచి, అందులో మూడు నాలుగు వేలు వేసి, దానికి యూపీఐ పెట్టండి. ఏం జరిగినా పోయేది అంతే. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో ఇంకో దారి కూడా ఉంది: ఖాతా మీది, చెల్లించేది వాళ్లు, ప్రతి చెల్లింపుకూ మీ ఆమోదం అడిగేలా పెట్టొచ్చు. ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతాలోంచి పోతోందని అర్థం.

పెళ్లి పత్రిక, చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు తెరిస్తే ఏమవుతుంది?

ఫైలు పేరు చివర ‘ఏపీకే’ (.apk) అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. ఇన్‌స్టాల్ అయితే మెసేజ్‌లు చదివి ఓటీపీలు పంపేయగలదు. అనుమానించమని చెప్పడం కన్నా దారి మూసేయడం నయం: సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ అనుమతి తీసేయండి. కొత్త సామ్‌సంగ్ ఫోన్లలో ఆటో బ్లాకర్ ఆన్ చేస్తే ఈ పని అదే చేస్తుంది. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ప్రైవసీలో ‘గ్రూప్స్’ను మై కాంటాక్ట్స్‌కు మార్చి, ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి.

పోలీసులమని వీడియో కాల్ వచ్చింది, కదలొద్దన్నారు. నిజమా?

కాదు. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో లేదు. వీడియో కాల్‌లో ఎవరూ అరెస్ట్ చేయరు, విచారణ కోసం డబ్బు బదిలీ చేయమనరు. బాగా చదువుకున్న రిటైర్డ్ ఉద్యోగులే ఎక్కువ భయపడతారు, పరువు పోతుందని ఎవరికీ చెప్పరు. అందుకే ‘ఏ కాల్ వచ్చినా కట్ చేసి ముందు నాకు చెప్పు, ఏం జరిగినా నేను తిట్టను’ అని ముందే మాటివ్వండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తర్వాత బ్యాంకుకు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం.

పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనే ఇవ్వొచ్చా?

జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి 2021 నవంబర్ నుంచి ఉంది. వేలిముద్రలు అరిగినవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఆండ్రాయిడ్ 7 లేదా ఆపై, 4 జీబీ ర్యామ్, 5 మెగాపిక్సెల్ కెమెరా ఉండాలి. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ప్లే స్టోర్ నుంచే వేయాలి. పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నెంబరు, పెన్షన్ వచ్చే ఖాతా నెంబరు దగ్గర పెట్టుకోండి. వెలుగు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడి తిరస్కరిస్తుంది. కళ్లద్దాలు తీసి, కెమెరా చూస్తూ రెప్ప వేయాలి. కేంద్ర పెన్షనర్లు నవంబర్‌లో ఇవ్వాలి, 80 దాటినవాళ్లకు అక్టోబర్ 1 నుంచే వీలుంది. రాష్ట్ర పెన్షనర్లు తమ ట్రెజరీలో ఏ పద్ధతి చెల్లుతుందో ముందు అడగాలి.

## పోతే, పాడైతే

బస్సులో ఫోన్ పోయింది. వెంటనే ఏం చేయాలి?

ముందు ఆ నెంబరుకు కాల్ చేసి చూడండి, చాలాసార్లు కండక్టరే ఎత్తుతారు. ఎత్తకపోతే సిమ్ బ్లాక్ చేయించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అదే నెంబరుకు కొత్త సిమ్ తీసుకుని, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నెంబరు, బ్లాక్ చేయించాలి. ఐఎంఈఐ పెట్టె మీద, బిల్లులో ఉంటుంది. కొన్న రోజే *#06# కొట్టి వచ్చిన అంకెలను ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకుంటే వెతుకులాట తప్పుతుంది. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. ఓటీపీ రాలేదని కంగారుపడి బ్యాంకు చుట్టూ తిరగనక్కర్లేదు, మర్నాటి నుంచి వస్తాయి.